నాన్నకి హిమోగ్లోబిన్ 9.1. ఐరన్ మాత్రలతో సరిపెట్టుకోవచ్చా?

వెన్నెలదారి
నాన్నకి 64 ఏళ్ళు. కొన్నాళ్ళుగా మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే నీరసం. వయసు మీద పడుతోందిలే అనుకున్నాం. మొన్న రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.1 వచ్చింది. డాక్టర్ గారు ఐరన్ మాత్రలు రాసి మూడు నెలల తర్వాత రమ్మన్నారు. ఎందుకు తగ్గిందని అడిగితే "ఈ వయసులో మామూలే, సరిగ్గా తినడం లేదేమో" అన్నారు. నాన్న తిండికి ఏ లోటూ లేదు. బరువు తగ్గలేదు, కడుపునొప్పి లేదు, విరేచనం ఎప్పటిలాగే అవుతోంది. మాత్రలు వేసి ఊరుకోవచ్చా? ఇంకేమైనా అడగాలా? నాకు మనసు కుదురుగా లేదు.

పాతకాపు
మాత్రలు వేయండి, రక్తం పడుతుంది. మా ఇంట్లో ఇద్దరు ముగ్గురికి అలాగే తగ్గింది. ఊరికే టెన్షన్ పడకండి.

ల్యాబ్‌గది
రిపోర్టులో మిగతావి కూడా చెప్పండి. ఎంసీవీ ఎంత? ప్లేట్‌లెట్లు ఎంత? ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే పరీక్ష) చేశారా? హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం. పాత రిపోర్టులు ఇంట్లో ఉంటే అవీ తీయండి.

వెన్నెలదారి
ఎంసీవీ 71. ప్లేట్‌లెట్లు 4,80,000. ఫెర్రిటిన్ చేయలేదు. నాన్నకి షుగర్ ఉంది కాబట్టి ఏటా చేయించిన రిపోర్టులు ఫైల్లో దొరికాయి. హిమోగ్లోబిన్ వరసగా 14.2, 13.6, 12.4, ఇప్పుడు 9.1. పక్కపక్కన పెట్టి చూసేసరికి నాకే భయం వేసింది.

తాబేలునడక
అమ్మో, ఏటా దిగుతూనే ఉంది కదా. ఒక్క రిపోర్టు చూస్తే ఇది కనపడదు.

ల్యాబ్‌గది
అదే నేను చెప్పబోయేది. విడివిడిగా చూస్తే 13.6 మామూలే, 12.4 "కాస్త తక్కువ". మగవాళ్ళలో 13 కంటే, ఆడవాళ్ళలో 12 కంటే తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ లెక్కన మీ నాన్నగారు పోయినేడే గీత కిందికి వచ్చారు. షుగర్ కోసం చేయించిన పరీక్ష కాబట్టి అందరి చూపూ షుగర్ మీదే ఉండి ఉంటుంది.

ఎంసీవీ అంటే ఎర్రకణం సగటు సైజు. 80 కంటే తగ్గిందంటే కణాలు చిన్నవైపోయాయని అర్థం. ఐరన్ చాలకపోతే అలా అవుతుంది. తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు) వాహకులకీ ఎంసీవీ తక్కువే ఉంటుంది, కానీ వాళ్ళకి అది పుట్టినప్పటి నుంచీ తక్కువే, ఫెర్రిటిన్ మాత్రం బాగుంటుంది. పాత రిపోర్టుల్లో మీ నాన్నగారి ఎంసీవీ 88, 90 అలా ఉండి ఇప్పుడు 71కి వచ్చిందంటే అది పుట్టుకతో వచ్చిన సంగతి కాదు. ఇలాంటి రక్తాన్ని స్లైడ్ మీద చూస్తే కణాలు నడుమ అంతా పాలిపోయి, అంచున సన్నటి రంగు మాత్రం మిగిలి ఉంటుంది. అక్కడక్కడా పొడుగ్గా సన్నగా సాగిన కణాలు కనిపిస్తాయి, వాటిని పెన్సిల్ సెల్స్ అంటాం. ప్లేట్‌లెట్లు 4,50,000 దాటడం కూడా ఐరన్ లోపంలో చూస్తుంటాం. క్యాన్సర్లలో కూడా అవి పెరుగుతాయి కాబట్టి ఆ అంకెని కూడా డాక్టర్‌కి చూపించండి.

ఫెర్రిటిన్‌కి రక్తం వీలైతే మాత్రలు మొదలుపెట్టక ముందే ఇవ్వండి. 15 కంటే తక్కువ వస్తే నిల్వలు ఖాళీ అయినట్టే. రక్తహీనత ఉన్నవాళ్ళలో 45 కంటే తక్కువున్నా ఐరన్ లోపంగానే తీసుకోమని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒంట్లో ఇన్ఫెక్షనో వాపో ఉంటే ఫెర్రిటిన్ లేనిపోని ఎత్తు చూపిస్తుంది. అప్పుడు ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్ మోసే ప్రొటీన్ ఎంతవరకు నిండిందో చెప్పే లెక్క) కూడా చూడాలి.

వెన్నెలదారి
నాలుగేళ్ళ కిందట ఎంసీవీ 89. ఇప్పుడే చూశాను. రేపు పొద్దున్నే ఫెర్రిటిన్‌కి ఇప్పిస్తాను.

ఫ్యామిలీడాక్టర్
నేను జనరల్ ప్రాక్టీస్‌లో ఉన్నాను. మీ నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి ఆయనకి ఫలానా జబ్బని చెప్పను. కానీ ఈ వయసు మగవాడికి ఐరన్ లోపంతో రక్తం తగ్గితే, పేగులో ఎక్కడైనా రక్తం పోతోందా అని చూసి తీరాలి. ఇందులో రెండో మాట లేదు.

లెక్క చూడండి. తిండి నుంచి ఒంటికి రోజూ పట్టే ఐరన్ 1 నుంచి 2 మిల్లీగ్రాములే. మామూలు రక్తం ఒక మిల్లీలీటరులో దాదాపు అర మిల్లీగ్రాము ఐరన్ ఉంటుంది. పేగులో ఎక్కడో రోజుకి రెండు చెంచాల రక్తం, అంటే 10 మిల్లీలీటర్లు కారుతూ ఉంటే 5 మిల్లీగ్రాములు పోతున్నట్టే. ఎంత బాగా తిన్నా ఆ లోటు పూడదు. ఆ కాస్త రక్తం మలంలో కలిసిపోతే కంటికి కనపడదు కూడా.

పెద్దపేగు కుడివైపు పొత్తికడుపులో సీకం దగ్గర మొదలై పైకి వెళుతుంది. ఆ భాగం వెడల్పు. అక్కడ మలం ఇంకా పలచగానే ఉంటుంది. అందుకని అక్కడ గడ్డ పెరిగినా దారికి అడ్డం పడదు, మలబద్ధకం రాదు, చాలాకాలం నొప్పీ తెలియదు. గడ్డ పైపొర చిట్లి రక్తం ఊరుతూ ఉంటుంది, అంతే. ఎడమవైపు పేగు ఇరుకు, మలం గట్టి. అక్కడి గడ్డలకి విరేచనం తీరు మారడం, రక్తం కనపడడం లాంటివి ముందే బయటపడతాయి. కుడివైపు గడ్డకి చాలాసార్లు మొదట కనిపించేది నీరసం, ఆయాసం, రక్తహీనతే. "కడుపులో ఏ బాధా లేదు" అన్న మాట విని పేగు బాగుందని అనుకోకూడదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అంతమాత్రాన అందరికీ క్యాన్సరే అని కాదు. ఐరన్ లోపం రక్తహీనత ఉన్న మగవాళ్ళకీ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకీ పైనుంచి, కిందనుంచి గొట్టం వేసి చూస్తే మూడింట ఒక వంతు మందికి ఏదో ఒక కారణం దొరుకుతుంది. క్యాన్సర్ తేలేది పదిమందిలో ఒకరి దాకా. అల్సర్లు, నొప్పి మాత్రల వల్ల పడిన పుళ్ళు, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు, కొంకిపురుగులు, పేగు గోడలో చిన్న రక్తనాళాలు ఉబ్బి కారడం, ఇలా చాలా ఉన్నాయి. కానీ పదిమందిలో ఒకరంటే, మా దగ్గరికొచ్చే మిగతా చాలా లక్షణాలకంటే ఎంతో పెద్ద సంఖ్య.

పాతకాపు
డాక్టర్ గారూ, మీరు చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఇది చదివి రక్తం తగ్గిన ప్రతి మనిషీ కొలనోస్కోపీకి పరిగెడితే ఎలా? ఆడపిల్లల్లో సగం మందికి హిమోగ్లోబిన్ 10, 11 ఉంటుంది. వాళ్ళందరికీ గొట్టం వేస్తారా?

ఫ్యామిలీడాక్టర్
వేయరు. నెలసరి వస్తున్న వయసులో ఐరన్ లోపానికి ఎక్కువగా కారణం నెలసరి రక్తస్రావం, కాన్పులే. అక్కడ ముందు సీలియాక్‌కి రక్తపరీక్ష చేసి, నెలసరి సంగతి అడిగి, ఐరన్ ఇచ్చి చూస్తాం. మాత్రలు ఆపగానే మళ్ళీ తగ్గినా, ఇంట్లో దగ్గరివాళ్ళకి పేగు క్యాన్సర్ ఉన్నా, విరేచనం తీరు మారినా, బరువు తగ్గినా అప్పుడు వయసు చూసుకుని ఆగకూడదు.

గోరింట
పాతకాపు గారూ, ఆ "ఆడపిల్లలకి మామూలే" అన్న మాట దగ్గరే మా చెల్లి ఇరుక్కుపోయింది. 38 ఏళ్ళు. నెలసరి ఎక్కువగా అవుతోందని ఐరన్ రాసేవారు. మాత్రలు వాడినన్నాళ్ళు 11 దాకా వచ్చేది, ఆపితే 8. ప్రతిసారీ కొత్త డాక్టర్, ప్రతిసారీ అదే చీటీ. గర్భాశయం స్కాన్ చేశారు, హార్మోన్లు చూశారు. పేగు గురించి ఒక్కరూ అడగలేదు. చివరికి ఒకావిడ "నెలసరి అంత ఎక్కువ కాదు కదమ్మా, మరి ఇంత రక్తం ఎటు పోతోంది?" అని మలపరీక్ష రాశారు. కుడివైపు పేగులో గడ్డ. ఆపరేషన్, ఆ తర్వాత కీమో. ఇప్పుడు బాగుంది, ఉద్యోగానికి వెళుతోంది. ఆ ప్రశ్న ఇంకాస్త ముందు ఎవరైనా వేసి ఉంటే కీమో దాకా వచ్చేది కాదేమో అని నాకు ఇప్పటికీ కోపంగానే ఉంటుంది.

సందేహాలరాణి
గోరింట అక్కా, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మీ చెల్లిగారికి ఐస్ ముక్కలు నమలాలనిపించేదా? నాకు అలా అనిపిస్తోంది, అందుకే అడుగుతున్నా.

గోరింట
అయ్యో, గ్లాసులు గ్లాసులు నమిలేది. రాత్రిళ్ళు కాళ్ళు ఊరికే కదుపుతూనే ఉండేది. మేం అలవాటనుకున్నాం.

ల్యాబ్‌గది
రాణి గారూ, ఐస్ నమలాలనిపించడం ఐరన్ లోపానికి బాగా తెలిసిన గుర్తు. రాత్రిళ్ళు కాళ్ళు కదుపుతూ ఉండాలనిపించడం కూడా. రక్తపరీక్ష చేయించుకోండి, ఫెర్రిటిన్‌తో సహా.

పాతకాపు
గోరింటమ్మా, మీ చెల్లి బాగుండాలి. నేను అన్నది అనవసర భయం గురించే. మా పెద్దాయనకి మొలలు ఉన్నాయి, అప్పుడప్పుడు రక్తం పడేది, దానివల్లే హిమోగ్లోబిన్ తగ్గిందని చెప్పారు. మొలలకి వైద్యం చేస్తే సరిపోయింది.

రాత్రిషిఫ్ట్
పెద్దాయనకి అది సరిపోవచ్చు. కానీ మొలలు చాలామందికి ఉంటాయి. అవి ఉన్నంతమాత్రాన పైన ఇంకేమీ లేదని కాదు. నేను ఎండోస్కోపీ విభాగంలో నర్సుని. "నాకు మొలలే అండీ" అంటూ వచ్చి పడుకున్నవాళ్ళలో గడ్డలు చూశాను. రక్తహీనత వచ్చేంత రక్తం మొలల నుంచే పోతోందని తేల్చే ముందు పేగు మొత్తం చూడాలి.

తాబేలునడక
నాది వేరే కథ. మోకాళ్ళ నొప్పికి మాత్రలు విడవకుండా వేసుకునేవాణ్ణి, గుండెకి ఆస్పిరిన్ కూడా. హిమోగ్లోబిన్ 8కి పడింది. మా డాక్టర్ రెండు వైపుల నుంచీ చూడాలన్నారు. పైన కడుపులో పుండు కనపడింది. అది దొరికింది కదా, ఇంక కింద ఎందుకని అడిగాను. పైన ఏదో కనపడిందని కింద చూడడం మానకూడదన్నారు. కింద చూస్తే పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) ఉంది, అప్పుడే తీసేశారు. క్యాన్సర్ కాదు గానీ వదిలేస్తే ఏళ్ళు గడిచాక అయ్యుండేదేమో అన్నారు.

ఫ్యామిలీడాక్టర్
మీ డాక్టర్ మంచి పని చేశారు. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళ దాకా పడుతుంది. ఆ లోపు తీసేస్తే క్యాన్సర్ రాకుండానే ఆపినట్టు.

సందేహాలరాణి
మలపరీక్ష చేయించుకుంటే కొలనోస్కోపీ తప్పుతుందా? ఐరన్ మాత్రలు వేసుకుంటే మలం నల్లగా వస్తుంది కదా, పరీక్ష తప్పు చూపిస్తుందా?

ల్యాబ్‌గది
ఫిట్ అనే మలపరీక్ష మనిషి హిమోగ్లోబిన్లో ప్రొటీన్ భాగమైన గ్లోబిన్‌ని మాత్రమే పట్టుకుంటుంది. ఐరన్ మాత్రల నలుపు దాన్ని మోసం చేయదు, తిండి ఆపాల్సిన పనీ లేదు. పాత గ్వాయిక్ మలపరీక్షకి మాత్రం మాంసం లాంటివి అడ్డొచ్చేవి. ఇంకో సంగతి, కడుపులో, చిన్నపేగులో పోయిన రక్తం కిందికొచ్చేసరికి గ్లోబిన్ అరిగిపోతుంది. కాబట్టి ఫిట్ ముఖ్యంగా పెద్దపేగు సంగతే చెబుతుంది. తాబేలునడక గారి కడుపు పుండుని ఫిట్ చూపించకపోయి ఉండొచ్చు.

మాత్రల వల్ల వచ్చే నలుపు ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపు. రక్తం వల్ల వచ్చే నలుపు జిగటగా, మెరుస్తూ, భరించలేని వాసనతో ఉంటుంది. అలా కనపడితే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

ఫ్యామిలీడాక్టర్
దేశాన్ని బట్టి పద్ధతి మారుతుంది. బ్రిటన్‌లో 2015 మార్గదర్శకాల ప్రకారం 60 దాటినవాళ్ళకి ఐరన్ లోపం రక్తహీనత ఉంటే నేరుగా క్యాన్సర్ అనుమానంతో నిపుణుల దగ్గరికి పంపేవారు. 2023 నుంచి ముందు ఫిట్ చేసి, గ్రాము మలంలో 10 మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్ లేదా అంతకంటే ఎక్కువ వస్తే వెంటనే పంపుతున్నారు. ఫిట్ తక్కువ వచ్చినా డాక్టర్‌కి అనుమానం తీరకపోతే పంపకుండా ఆపొద్దని అందులోనే ఉంది. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో చెప్పింది వేరు. మగవాళ్ళకీ, నెలసరి ఆగిన ఆడవాళ్ళకీ కడుపులో ఏ లక్షణమూ లేకపోయినా రెండు వైపుల ఎండోస్కోపీ చేయమంది. వెన్నెలదారి గారి నాన్నగారి అంకెలు చూస్తే, ఫిట్ తక్కువ వచ్చినా నేను ఆగను.

ఎండమావి
సీఈఏ అనే రక్తపరీక్ష ఉందట కదా, అది చేస్తే తేలిపోదా?

ఫ్యామిలీడాక్టర్
తేలదు. జబ్బు నిర్ధారణ అయ్యాక వైద్యం ఎలా సాగుతోందో చూడడానికి పనికొస్తుంది. మొదట్లో గడ్డ ఉన్నా సీఈఏ మామూలుగా ఉండొచ్చు, పొగతాగేవాళ్ళలో ఊరికే పెరగొచ్చు. అది చూసి ధైర్యం తెచ్చుకోవద్దు, భయమూ పడొద్దు.

వెన్నెలదారి
ఫెర్రిటిన్ 6. మళ్ళీ అదే డాక్టర్ దగ్గరికి పాత రిపోర్టులన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుని వెళ్ళాను. "ముందు మాత్రలు వాడి చూద్దాం, పెరిగితే ఇంక భయం లేదు" అన్నారు. పెరిగితే నిజంగా భయం లేనట్టేనా?

ఫ్యామిలీడాక్టర్
లేదండీ. దీని దగ్గరే చాలామంది ఆగిపోతారు. గడ్డ నుంచి రక్తం పోతున్నా, మాత్రతో దానికంటే ఎక్కువ ఐరన్ ఒంటికి పడితే హిమోగ్లోబిన్ పెరుగుతుంది. రెండు వారాల్లో ఒక గ్రాము పెరిగితే ఐరన్ లోపమే అని రుజువైనట్టు, అంతవరకే. చిల్లుకుండలో నీళ్ళు ధారగా పోస్తే నిండినట్టే కనపడుతుంది. మాత్రలు వేయండి, ఆపొద్దు. వాటితోపాటే పరీక్షలు కూడా జరగాలి.

మా పనిలో ఇది ఎలా జారిపోతుందో కూడా చెబుతాను. రోజూ నీరసంతో వచ్చేవాళ్ళు చాలామంది, అందులో ఎక్కువమందికి పెద్ద జబ్బేమీ ఉండదు. ఒక్కోసారి ఒక్కో డాక్టర్ చూస్తారు. మూడు నెలల తర్వాత రమ్మంటారు, పేషెంటుకి నీరసం తగ్గి రారు. వచ్చినా అంకె పెరిగింది కాబట్టి ఫైలు మూసేస్తారు. ఎవరూ కావాలని చేసింది కాదు, కానీ ఏడాది చేజారిపోతుంది. మీరు ఇలా అడగండి: "ఐరన్ లోపానికి కారణం ఏమని రాస్తున్నారు? దాన్ని ఏ పరీక్షతో తేల్చారు?" ఆ జవాబు ఫైల్లో రాయించండి. అప్పటికీ కుదరకపోతే జీర్ణకోశ నిపుణుడి దగ్గరికి పంపమని నేరుగా అడగండి. అది మీ హక్కు.

గోరింట
అడగండి వెన్నెలదారి గారూ. డాక్టర్ ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

పాతకాపు
ఫెర్రిటిన్ 6 అంటే నేనూ చూపించమనే అంటాను. తీసుకెళ్ళమ్మా.

వెన్నెలదారి
రిఫరల్ దొరికింది. వచ్చే వారం రెండు ఎండోస్కోపీలూ ఒకేరోజు. నాన్న తెగ కంగారు పడుతున్నారు. ముందు ఏం చేయాలి?

రాత్రిషిఫ్ట్
ఐరన్ మాత్రలు వారం ముందు ఆపాలి. లేకపోతే మలం నల్లగా పేగు గోడకి అంటుకుని ఏమీ కనపడదు. వారమే ఉంది కాబట్టి ఇవాళే అడిగి ఆపించండి. షుగర్ మందులు, రక్తం పలచబడే మందులు ఏవి ఎప్పుడు ఆపాలో ఫోన్ చేసి కనుక్కోండి, మీ అంతట మీరు ఆపొద్దు. ముందు రెండు మూడు రోజులు పీచు తక్కువ తిండి, ముందురోజు అడుగు కనపడేంత తేటగా ఉండే ద్రవాలే. విరేచనాల మందు సగం రాత్రి, సగం పొద్దున. ఆ రాత్రి కాపురం బాత్‌రూమ్ పక్కనే, ముందే చెప్పండి! మందు చల్లగా చేసుకుని తాగితే కాస్త తేలిక. చివరికి లేత పసుపు రంగు తేట నీళ్ళలా పోవాలి. పేగు సరిగ్గా శుభ్రపడకపోతే కుడివైపే ముందు కప్పబడిపోతుంది, మనకి కావాల్సింది అదే వైపు.

పరీక్షప్పుడు మత్తు ఇస్తారు, చాలామందికి గుర్తు కూడా ఉండదు. పేగుకి చిల్లు పడడం లాంటి ప్రమాదాలు చాలా అరుదు. రిపోర్టులో "సీకం దాకా వెళ్ళాం" అని రాసి ఉందో లేదో చూడండి. వెళ్ళలేకపోతే సీటీ కొలనోగ్రఫీ (సీటీ స్కాన్‌తో పెద్దపేగు చూడడం) చేయొచ్చు.

ఎండమావి
మా మావయ్యకి రెండూ చేసినా ఏమీ దొరకలేదు. మళ్ళీ రక్తం తగ్గుతోంది. అప్పుడు ఏం చేస్తారు?

ఫ్యామిలీడాక్టర్
ఐరన్ ఇచ్చాక మళ్ళీ తగ్గుతోందంటే చిన్నపేగు చూడాలి, దానికి క్యాప్సూల్ ఎండోస్కోపీ ఉంది. కెమెరా ఉన్న మాత్ర మింగిస్తారు. సీలియాక్ పరీక్ష, మూత్రంలో రక్తం కూడా చూశారో లేదో కనుక్కోండి.

వెన్నెలదారి
రెండు ఎండోస్కోపీలూ అయ్యాయి. పైన ఏమీ లేదు. కింద సీకం పైన, కుడివైపు పేగులో గడ్డ ఉంది. బయాప్సీలో క్యాన్సరే అని వచ్చింది. సీటీలో కాలేయానికి, ఊపిరితిత్తులకి పాకినట్టు లేదు. ఆపరేషన్ చేస్తామంటున్నారు. నాన్న ధైర్యంగానే ఉన్నారు, నాకే నిద్ర లేదు. ఇక్కడ రాసిన ప్రతి ఒక్కరికీ దణ్ణాలు. మేం తోడబుట్టినవాళ్ళం ముగ్గురం, మేమూ చూపించుకోవాలా? అక్కకి 42.

గోరింట
పాకలేదన్నారు కదా, అది పెద్ద ఊరట. మీరు కాస్త తిని పడుకోండి, ఆపరేషన్ రోజుల్లో మీకే ఎక్కువ ఓపిక కావాలి.

ఫ్యామిలీడాక్టర్
దూరంగా పాకకముందే దొరికింది, ఆపరేషన్‌తో పూర్తిగా తీసేసే అవకాశం ఉన్న దశ ఇది. తీసిన గడ్డకి ఎంఎంఆర్ పరీక్ష చేస్తారా అని సర్జన్‌ని అడగండి. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య సమస్య ఉండే అవకాశం ఉందో లేదో దానితో తెలుస్తుంది. అది ఉంటే మీ ముగ్గురికీ జన్యుపరీక్ష, ఇంకా తక్కువ వయసు నుంచే కొలనోస్కోపీ అవసరం. లేకపోయినా, తల్లికో తండ్రికో పేగు క్యాన్సర్ వచ్చినవాళ్ళు 40 ఏళ్ళకే స్క్రీనింగ్ మొదలుపెట్టమని చాలా మార్గదర్శకాలు చెబుతాయి. మీ అక్కగారు ఆగాల్సిన పని లేదు.

ల్యాబ్‌గది
ఆపరేషన్‌కి ముందు హిమోగ్లోబిన్ పెంచడానికి ఐరన్ సెలైన్‌లో ఎక్కించడం కుదురుతుందా అని కూడా అడగండి. మాత్రలకంటే త్వరగా నిల్వలు నిండుతాయి, రక్తం ఎక్కించే అవసరం తగ్గొచ్చు. ఎక్కించాక కొన్ని వారాల పాటు ఫెర్రిటిన్ బాగా ఎక్కువ చూపిస్తుంది, ఆ అంకె చూసి లోపం తీరిపోయిందనుకోవద్దు.

వెన్నెలదారి
సోమవారం సర్జన్ దగ్గరికి వెళుతున్నాం. ఎంఎంఆర్, ఐరన్ ఇంజెక్షన్, రెండూ కాగితం మీద రాసుకున్నాను. అక్కకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం, తమ్ముడికి 36 కాబట్టి ఎంఎంఆర్ వచ్చాక చూస్తాం.

సందేహాలరాణి
నా రిపోర్టు కూడా వచ్చింది. హిమోగ్లోబిన్ 10.4, ఫెర్రిటిన్ 9, వయసు 33, నెలసరి మామూలుగానే అవుతుంది. సీలియాక్‌కీ ఫిట్‌కీ రాయమని రేపు అడగబోతున్నాను. ఇంకేమైనా కలపాలా?

ఫ్యామిలీడాక్టర్
ఇంట్లో దగ్గరివాళ్ళకి పేగు, గర్భాశయం క్యాన్సర్లు ఎవరికైనా ఉన్నాయా అన్నది రాసుకుని వెళ్ళండి. నొప్పి మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి. ఐరన్ రోజుకి ఒకటి చాలు, పడకపోతే రోజు విడిచి రోజు వేసుకోవచ్చు. హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చాక కూడా మరో మూడు నెలలు వాడాలి. ఆపాక ఎప్పుడు తిరిగి పరీక్ష చేయించాలో ఆ తారీఖు ఇప్పుడే రాయించుకోండి.